కాలేజీ లైబ్రరీలో మీకు కావలసిన పుస్తకం దొరకాలంటే

తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీ కౌంటర్ దగ్గర చాలా ఏళ్లు కూర్చున్నాను. అక్కడ నేను ఎక్కువగా విన్న ప్రశ్న "ఈ పుస్తకం ఉందా సార్?" అని కాదు. "ఇది సిలబస్‌లో లేదు సార్, తీసుకోవచ్చా?" అని.

పుత్తూరు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక సెకండియర్ అమ్మాయి ఓ మధ్యాహ్నం కథల పుస్తకం ఒకటి తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. పేరు కనపడకుండా అట్ట మీద చెయ్యి ఆనించి, పక్కన ఎవరూ లేరని చూసుకుని, ఆ మాటే అడిగింది. వెనక అట్ట తెరిచాను. లోపల అంటించిన డ్యూ డేట్ స్లిప్పు తెల్లగా ఉంది. ఒక్క తేదీ ముద్ర కూడా పడలేదు. రిజిస్టర్ చూస్తే ఆ పుస్తకం మా లైబ్రరీకి వచ్చి అప్పటికి పదకొండేళ్లు. "తీసుకోమ్మా, నువ్వు చదవడానికే కొన్నాం" అని మొదటి ముద్ర వేసి ఇచ్చాను.

ఆ పిల్ల అంత భయపడాల్సిన పనేమీ లేదు. లైబ్రరీలో ఏం అడగొచ్చో, ఎలా అడగాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల కాలేజీల్లో చదివే మీ అందరికీ ఆ సంగతులు ఒక వరసలో చెబుదామని ఇది రాస్తున్నాను.

చేరిన వారంలోనే

ముందు మీ అడ్మిషన్ రసీదు తీసి చూడండి. అందులో లైబ్రరీ ఫీజు అని ఒక గీత ఉంటుంది. వందో రెండొందలో, ఎంతైనా కానివ్వండి, ఆ డబ్బు మీ ఇంట్లో వాళ్లు కట్టారు. కాబట్టి లైబ్రరీకి వెళ్లి పుస్తకం అడగడమంటే ఎవరి దయ కోసమో చెయ్యి చాచడం కాదు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతా పనులన్నీ తేలికవుతాయి.

కార్డు కోసం రెండు ఫొటోలు, ఐడీ కార్డు జిరాక్సు తీసుకెళ్లండి. కార్డు చేతికి వచ్చిన రోజే నాలుగు విషయాలు అడిగి తెలుసుకోండి: ఒకేసారి ఎన్ని పుస్తకాలు ఇస్తారు, ఎన్ని రోజులకు ఇస్తారు, రోజుకు ఫైన్ ఎంత, సెలవుల్లో లైబ్రరీ తెరుస్తారా. హాస్టల్ పిల్లలకు ఈ చివరిది చాలా ముఖ్యం.

లోపలికి వెళ్లిన ప్రతిసారీ గేటు రిజిస్టర్‌లో సంతకం పెట్టండి. బద్ధకించొద్దు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు రోజుకు ఎంతమంది లైబ్రరీ వాడుతున్నారనే లెక్క అడుగుతారు. ఆ లెక్క బాగుంటేనే కొత్త పుస్తకాలకు డబ్బు అడగడానికి మీ లైబ్రేరియన్‌కు నోరు పెగులుతుంది. మీ సంతకం మీ తర్వాత వచ్చే వాళ్లకు పుస్తకం కొనిపెడుతుంది.

ఇంకొక్క జాగ్రత్త. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు మీ పేరు మీద ఉన్న ఎంట్రీ మీ కళ్ల ముందే కొట్టేయించండి, కంప్యూటర్ అయితే తెరమీద చూపించమనండి. నేను చదువుకున్న రోజుల్లో ఒక పుస్తకం తిరిగి ఇచ్చి, రద్దీగా ఉందని కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోయాను. మూడేళ్ల తర్వాత టీసీ కోసం నో డ్యూస్ సంతకానికి వెళితే ఆ పుస్తకం నా పేరు మీదే ఉంది. అది అక్కడే బీరువాలో కనపడుతున్నా నా మాట వినలేదు. పుస్తకం ఖరీదుకు రెండింతలు కట్టించుకున్నారు. ఆ నెల మా నాన్న ఆ డబ్బు అప్పు తెచ్చి ఇచ్చాడు. మీకు ఆ పరిస్థితి రాకూడదు.

బీరువాల్లో వెతకడం

చాలా కాలేజీల్లో ఇప్పుడు కోహా, ఇ-గ్రంథాలయ లాంటి సాఫ్ట్‌వేర్ ఉంది. వెతికే పేజీని ఓపాక్ అంటారు. తెలుగు పుస్తకాలు వెతికేటప్పుడు ఇక్కడే తికమక అవుతుంది. తెలుగు పేర్లను చాలాచోట్ల ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు, ఎక్కించిన వాళ్లు తలా ఒక స్పెల్లింగ్ వాడారు. లక్ష్మి అనే పేరే రెండు మూడు రకాలుగా ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట ముందుంటే ఇంకోచోట వెనక ఉంటుంది. అందుకని మొదటిసారి దొరకలేదని "లేదు" అనుకోవద్దు. దీర్ఘాలు తీసేసి ఒకసారి, పేరులో సగం మాత్రమే కొట్టి ఒకసారి, తెలుగు లిపిలో ఒకసారి వెతకండి.

దొరికాక పుస్తకం పేరుతో పాటు దాని కాల్ నంబర్ కూడా రాసుకోండి. పుస్తకం వెన్ను మీద చిన్న చీటీ అంటించి ఉంటుంది కదా, అదే. పై వరసలో ఉండే అంకె విషయాన్ని చెబుతుంది, కింద అక్షరాలు సాధారణంగా రచయిత పేరువి. విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలు వేసే డ్యూయీ పద్ధతిలో 800లన్నీ సాహిత్యం. అందులో తెలుగు సాహిత్యం 894.827. తమిళం 894.811, కన్నడం 894.814. మన చిత్తూరుకు ఒక పక్క తమిళం, ఒక పక్క కన్నడం ఎలా ఆనుకుని ఉన్నాయో బీరువాలోనూ అవి అలాగే పక్కపక్కన ఉంటాయి. కుప్పం వైపు నుంచి వచ్చిన పిల్లలు ఆ అరల ముందు ఎక్కువసేపు నిలబడటం చూశాను. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష ఉన్న వాళ్లకు ఆ మూడు అంకెలు గుర్తుంటే చాలు.

కావలసిన పుస్తకం తీసుకున్నాక వెంటనే వచ్చేయొద్దు. దానికి అటూ ఇటూ ఉన్న పది పుస్తకాలు చూడండి. ఒకే విషయం మీద ఉన్నవన్నీ ఒకచోట చేరేలా సర్దుతారు కాబట్టి, మీరు పేరు కూడా వినని పుస్తకం అక్కడే దొరుకుతుంది.

కొన్ని కాలేజీల్లో బీరువాలకు తాళాలు వేసి, చీటీ రాసిస్తే లోపల నుంచి తెచ్చి ఇస్తారు. అక్కడ ఉన్నవి చూసి ఎంచుకునే వీలుండదు. అప్పుడు మొహమాటపడకుండా, "సార్, వారానికి ఒక గంటైనా మేం లోపలికి వచ్చి చూసుకునేలా అనుమతి ఇవ్వండి" అని అడగండి. పదిమంది కలిసి సంతకాలు పెట్టి అడిగితే ఇంకా మంచిది. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి దారి వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ఐదు సూత్రాలు ప్రకటించారు. మొదటి సూత్రమే పుస్తకాలు వాడుకోవడానికి అని. ఆయన పుట్టినరోజని ఆగస్టు 12న చాలా లైబ్రరీల్లో ఫొటోకి దండ వేస్తారు. తాళం తీయమని అడగడానికి అంతకంటే మంచి రోజు లేదు.

లైబ్రరీలో లేని పుస్తకం కావాలంటే

నోటితో అడిగిన మాట కౌంటర్ దాటి పోదు. కాగితం మీద రాసి ఇవ్వండి. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, ధర, ఎందుకు కావాలో ఒక్క వాక్యం. అంతకంటే పెద్ద అర్జీ అక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

"అయ్యా, మన లైబ్రరీలో రాయలసీమ కథా రచయితల పుస్తకాలు రెండే ఉన్నాయి. కింద రాసిన ఐదు పుస్తకాలు కొనవలసిందిగా కోరుతున్నాం. మా తరగతిలో పద్నాలుగు మంది వీటిని చదవాలనుకుంటున్నాం."

ఆ పద్నాలుగు మంది సంతకాలు కింద పెట్టండి. ఎప్పుడు ఇవ్వాలన్నది కూడా తెలుసుకోవాలి. పుస్తకాల డబ్బు ఎక్కువగా మార్చి 31 లోపు ఖర్చు పెట్టాలి. ఫిబ్రవరి, మార్చిల్లో హడావుడిగా ఆర్డర్లు పోతాయి. ఆ సమయానికి విద్యార్థుల జాబితా చేతిలో లేకపోతే ఏ గైడ్లు అమ్మకానికి వస్తే అవే కొంటారు. అందుకని డిసెంబరు లోపే మీ కాగితం లైబ్రరీ కమిటీ ముందుకు చేరాలి. రెండు కాపీలు రాసి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి.

కొనేదాకా ఆగలేకపోతే వేరే దారులున్నాయి. తిరుపతిలో చదివే వాళ్లకు ఒక అదృష్టం ఉంది. 1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, ఈ మూడూ ఆటోలో తిరిగొచ్చేంత దగ్గర్లో ఉన్నాయి. మీ లైబ్రేరియన్ దగ్గర పరిచయ లేఖ రాయించుకుని, ఐడీ కార్డుతో వెళ్లి, కూర్చుని చదువుకోవడానికి అనుమతి అడగండి. ఇంటికి ఇవ్వకపోయినా అక్కడ కూర్చుని నోట్సు రాసుకోవచ్చు. ముందు రోజే ఫోన్ చేసి వేళలు కనుక్కోండి. పాత తెలుగు, సంస్కృత గ్రంథాల మీద పని చేసే వాళ్లయితే యూనివర్సిటీలోని ప్రాచ్య పరిశోధనాలయం గురించి అడగండి, తాటాకు ప్రతులు ఉన్న చోటు అది.

ఇంటర్నెట్‌లో అయితే మూడు పేర్లు గుర్తుంచుకోండి. కాలేజీలకు ఇ-పుస్తకాలు, పత్రికలు ఇచ్చే ఎన్-లిస్ట్ ఒకటి. మీ కాలేజీ సభ్యత్వం తీసుకుని ఉంటే లాగిన్ మీ లైబ్రేరియనే ఇస్తారు, అడగని వాళ్లకు రాదు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ రెండోది, ఎవరైనా ఉచితంగా చేరొచ్చు. పరిశోధన గ్రంథాలకు శోధగంగ. చూపు సరిగా లేని స్నేహితులుంటే వాళ్లకు సుగమ్య పుస్తకాలయ గురించి చెప్పండి. వాళ్లు వినడానికి, బ్రెయిలీలో చదవడానికి వీలైన రూపంలో అక్కడ పుస్తకాలు దొరుకుతాయి. ఈ విషయం తెలియక డిగ్రీ మధ్యలో మానేసిన పిల్లవాడు ఒకడు నాకు తెలుసు. వాడు గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఊళ్లో ఉన్న శాఖా గ్రంథాలయాన్ని మరచిపోవద్దు. ఇంటిపన్ను రసీదు చూడండి, అందులో లైబ్రరీ సెస్ అని ఉంటుంది. పన్నులో రూపాయికి 8 పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద జిల్లా గ్రంథాలయ సంస్థకు పోయే డబ్బు అది. కాలేజీలో ఫీజు కట్టినట్టే ఇక్కడ మీ ఇల్లు పన్ను కట్టింది. రెండు చోట్లా కార్డు తీసుకోండి.

మీరు ఏం చదివారన్నది మీ సొంత విషయం

పీలేరు వైపు నుంచి ఒకాయన ఒకరోజు లైబ్రరీకి వచ్చాడు. పంచె, భుజం మీద తువ్వాలు, చేతిలో కూతురి ఐడీ కార్డు జిరాక్సు. "సార్, మా పాప వారానికొక పుస్తకం తెస్తా ఉంది. అన్నీ పాఠాలవేనా? ఏమేం తీసుకుందో కొంచెం చూసి చెప్పండి" అన్నాడు. కోపంగా అడగలేదు. కంగారుగా అడిగాడు.

"అన్నా, ఆ లెక్క నేను చెప్పకూడదు. మీ పాపే కదా, తెచ్చిన పుస్తకం ఏందో, అందులో ఏముందో తననే చెప్పమనండి. సంతోషంగా చెబుతుంది" అన్నాను. కొంచెంసేపు నిలబడి వెళ్లిపోయాడు. రెండు నెలల తర్వాత మళ్లీ వచ్చాడు. "ఆవులకు వచ్చే జబ్బుల మీద తెలుగులో పుస్తకం ఏమన్నా ఉందా సార్? మా పాప అడగమంది" అన్నాడు. మా దగ్గర లేదు. ఎక్కడ దొరకొచ్చో చిరునామా రాసిచ్చాను.

ఇక్కడ మీరు చేయాల్సింది ఏమిటంటే, మీ లైబ్రరీలో ఇష్యూ రిజిస్టర్ కౌంటర్ మీద అందరికీ కనపడేలా తెరిచి ఉంటుందా చూడండి. ఎవరు ఏం తీసుకున్నారో వెనక నిలబడిన వాళ్లంతా చదివేలా ఉంటే, దాన్ని లోపలి వైపు పెట్టమని మర్యాదగా చెప్పండి. ఫైన్ కట్టాల్సిన వాళ్ల జాబితా నోటీసు బోర్డు మీద వేస్తే, అందులో పుస్తకాల పేర్లు లేకుండా నంబర్లు మాత్రమే వేయమని అడగండి. కోహా వాడే లైబ్రరీల్లో తిరిగి ఇచ్చేసిన పుస్తకాల చరిత్రను పేరుతో ముడిపెట్టకుండా చెరిపే ఏర్పాటు ఉంది, దాన్ని పెట్టమని అడగొచ్చు. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిల బెంచి చెప్పింది. మనసులో ఏం నడుస్తోందో చెప్పే విషయాల్లో చదివే పుస్తకం మొదటిది. అప్పుల గురించో, కులం గురించో, ఆరోగ్యం గురించో, పెళ్లి గురించో ఒక పిల్ల పుస్తకం తీసుకుందంటే దాని వెనక ఆమె జీవితం ఉంటుంది. అది వార్డెన్‌కో, పక్క బెంచీకో తెలియాల్సిన అవసరం లేదు.

ఎవరైనా పుస్తకం తీసేయమంటే

ఇది ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. ఒక కథలో మా కులం గురించి తప్పుగా ఉందనో, ఒక కవితలో బూతు ఉందనో, ఒక వ్యాసం మా దేవుణ్ణి కించపరిచిందనో ఎవరో ఒకరు వస్తారు. అప్పుడు కేకలు వేయకుండా ఒక పద్ధతి ప్రకారం నడవాలి.

ఫిర్యాదును రాతపూర్వకంగా అడగాలి. ఏ పేజీ, ఏ వాక్యం, పుస్తకం మొత్తం చదివారా, ఏం చేయమంటున్నారు, ఈ నాలుగూ అందులో ఉండాలి. నా అనుభవంలో సగం ఫిర్యాదులు ఈ దశలోనే ఆగిపోతాయి, ఎందుకంటే వచ్చిన వాళ్లు పుస్తకం చదివి ఉండరు, ఎవరో చెబితే వచ్చి ఉంటారు. చదవమని ఇస్తే కొందరు నిజంగానే చదివి మనసు మార్చుకుంటారు.

కాగితం ఇస్తే దాన్ని లైబ్రరీ కమిటీ ముందు పెట్టాలి. కమిటీలో తెలుగు అధ్యాపకులు ఒకరు, విద్యార్థి ఒకరు ఉండేలా చూడాలి. అందరూ పుస్తకం పూర్తిగా చదివాకే మాట్లాడాలి. నిర్ణయం అయ్యేదాకా పుస్తకం అరలోనే ఉండాలి. ఇది చాలా ముఖ్యం. "ప్రస్తుతానికి పక్కన పెడదాం" అంటే ఇక అది తిరిగి రాదు.

ఇంకో ప్రశ్న అడగాలి: ప్రభుత్వ ఉత్తర్వు ఉందా? మన దేశంలో ఒక పుస్తకాన్ని జప్తు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 95వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 98వ సెక్షన్. కారణాలు చూపుతూ నోటిఫికేషన్ ఇవ్వాలి. ఆ ఉత్తర్వును కూడా రెండు నెలల లోపు హైకోర్టులో సవాలు చేయొచ్చు. అంటే ప్రభుత్వానికే ఇన్ని కట్టుబాట్లు ఉన్నాయి. రాజ్యాంగం 19వ అధికరణ భావప్రకటన స్వేచ్ఛ ఇస్తూనే ఏ కారణాలతో పరిమితులు పెట్టొచ్చో అక్కడే రాసింది. అలాంటి ఉత్తర్వు ఏదీ లేనప్పుడు, వచ్చింది ఒక మనిషి అభిప్రాయం. దానికి గౌరవం ఇవ్వాలి, జవాబు ఇవ్వాలి. కానీ ఆ ఒక్క అభిప్రాయంతో మిగతా పిల్లలందరి చేతిలోంచి పుస్తకం లాగేయకూడదు.

ఫిర్యాదు చేసిన వారికీ దారి చూపండి. ఆ పుస్తకాన్ని ఖండిస్తూ రాసిన పుస్తకం ఉంటే కొనమని అడగమనండి. లైబ్రరీలో రెండూ పక్కపక్కన ఉండొచ్చు.

ఇదంతా ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేనే ఒకసారి తప్పు చేశాను. ఒక కథా సంపుటి గురించి ఒకాయన వచ్చి నోటిమాటగా గట్టిగా మాట్లాడి వెళ్లాడు. కాగితం ఇవ్వలేదు. ప్రిన్సిపాల్ ఏమీ అనలేదు. ఎవరూ ఆర్డర్ వేయలేదు. గొడవెందుకని నేనే ఆ పుస్తకాన్ని వెనక గదిలో విరిగిన కుర్చీల పక్కనున్న బీరువాలో పెట్టాను. మూడేళ్లు అది అక్కడే ఉంది. ఓపాక్‌లో మాత్రం "ఉంది" అనే చూపించేది. ఒక కుర్రాడు మూడుసార్లు వచ్చి అడిగి, దొరక్క, చదువు ముగించుకుని వెళ్లిపోయాడు. పుస్తకాన్ని తిరిగి అరలో పెట్టాను కానీ ఆ కుర్రాడికి ఇవ్వలేకపోయాను. పుస్తకాలు మాయమయ్యేది ఎక్కువగా ఇలాగే, చప్పుడు లేకుండా, మాలాంటి వాళ్ల భయం వల్ల. అందుకే ఓపాక్‌లో ఉండి అరలో లేని పుస్తకం గురించి ఒకసారి అడిగి ఊరుకోవద్దు. రాసి అడగండి.

నవంబరు వారోత్సవం మీరే నడపండి

నవంబరు 14 నుంచి 20 దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. చాలా కాలేజీల్లో ఆ వారం ఒక ముఖ్య అతిథి, ఒక వక్తృత్వ పోటీ, ఒక గ్రూప్ ఫొటోతో గడిచిపోతుంది. శాలువాకు, పూలగుత్తులకు పెట్టే డబ్బుతో ఐదారు పుస్తకాలు వస్తాయి. అక్టోబరు మొదటి వారంలోనే ప్రిన్సిపాల్‌కు అనుమతి లేఖ ఇచ్చి, కార్యక్రమం విద్యార్థులు నడుపుతామని చెప్పండి.

తేదీలు, వేళలు జాగ్రత్తగా చూసుకోండి. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు సరిగ్గా ఆ రోజుల్లోనే. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో చూసిన వాళ్లం. ఆరుబయట షామియానా వేసి పుస్తకాలు పరచొద్దు. రీడింగ్ హాల్లోనే, కిటికీలకు దూరంగా బల్లలు వేయండి. కార్తీక మాసంలో తిరుచానూరు బ్రహ్మోత్సవాలుంటాయి, పంచమీతీర్థం ఎప్పుడు పడిందో చూసుకోండి. ఆ రోజు బస్సులు, రోడ్లు మన చేతిలో ఉండవు. శ్రీకాళహస్తి, పాకాల, చంద్రగిరి వైపు పిల్లలు సాయంత్రం నాలుగున్నరకల్లా బస్టాండుకు పరుగెడతారు కాబట్టి ఏ కార్యక్రమమైనా మధ్యాహ్నం భోజనం వేళలోనే పెట్టండి. నలభై నిమిషాలు చాలు.

ఒక బల్ల మీద ఇప్పటిదాకా ఒక్కరూ తీసుకోని పుస్తకాలు పెట్టండి. స్లిప్పు తెల్లగా ఉన్న పుస్తకాలు ఏ లైబ్రరీలోనైనా ఒక బీరువా నిండా దొరుకుతాయి. వెనక అట్ట తెరిచి, ఆ ఖాళీ స్లిప్పు కనపడేలా నిలబెట్టండి. "మొదటి ముద్ర మీది" అని అట్టముక్క మీద రాసి పెట్టండి. మా కాలేజీలో ఇలా పెట్టిన యాభై పుస్తకాల్లో మూడో రోజుకు సగం మిగల్లేదు.

ఇంకో బల్ల ఒకప్పుడు నిషేధం పడిన తెలుగు పుస్తకాలకు. అమెరికాలో 1982 నుంచి ఏటా నిషేధిత పుస్తకాల వారం జరుపుతారు. మనం ఎక్కడికో పోయి ఉదాహరణలు వెతకనక్కర్లేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ "మాలపల్లి" రాసింది రాయవేలూరు జైల్లో, చిత్తూరు నుంచి గంట ప్రయాణం. దళిత కుటుంబాన్ని కథకు మధ్యలో నిలబెట్టిన ఆ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఇప్పుడది తెలుగు ఎం.ఏ. పిల్లలు చదివే పుస్తకం. తంజావూరు ఆస్థానంలోని ముద్దుపళని రాసిన "రాధికాసాంత్వనము" కథ ఇంకా దీర్ఘం. గాయని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని పూర్తి రూపంలో అచ్చు వేయించింది. ఒక స్త్రీ శృంగారం రాయడమేమిటని గొడవ లేచింది, బ్రిటిష్ ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. ఈ రెండు కథలూ ఒక్కో పేజీలో రాసి పుస్తకాల పక్కన పెట్టండి. పక్కనే ఒక ప్రశ్న రాయండి: "నిషేధించిన వాళ్లు ఏం చెప్పారు? మీరు చదివి ఏమంటారు?" కింద తెల్లకాగితాలు, పెన్ను. ఇంకా ఏ పుస్తకాలు కావాలో కూడా వాటి మీదే రాయమనండి.

రోజూ ఐదుగురు ఐదేసి నిమిషాలు గట్టిగా చదవాలి. ఉపన్యాసం కాదు, చదవడమే. ఎవరు ఏ పేజీ చదవాలో ముందే ఎంచుకోండి, ఇంట్లో రెండుసార్లు గొంతెత్తి చదివి రమ్మనండి. శృంగార కావ్యం నుంచి చదివేటప్పుడు చదివే వాళ్లు ఇష్టపడి ఎంచుకున్న పద్యమే ఉండాలి, ఎవరి మీదా రుద్దొద్దు. మా దగ్గర కురబలకోట అబ్బాయి ఒకడు వాళ్ల అవ్వ చెప్పిన కథను రాసుకొచ్చి చదివాడు. పుస్తకంలో లేదని ఒక అధ్యాపకుడు ఆపబోయాడు. నేను చదవనిమ్మన్నాను. ఆ రోజు హాల్లో సెల్‌ఫోన్ చూస్తూ కూర్చున్న పిల్లలు కూడా తలెత్తి విన్నారు.

తిరుపతి పిల్లలకు ఇంకో విషయం చెప్పుకోవచ్చు. అన్నమయ్య పాటలు రాగిరేకుల మీద చెక్కి తిరుమల గుడిలోని చిన్న గదిలో పెట్టారు. అవి శతాబ్దాల పాటు ఆ చీకట్లోనే ఉండి 1922లో బయటపడ్డాయి. ఇప్పుడు మన వీధుల్లో పొద్దున్నే వినపడే పాటలు అవే. గది తెరిచాకే అవి మనకు అందాయి. కొండ కింద ఉన్న మన లైబ్రరీల వెనక గదుల్లో ఏమేం ఉన్నాయో వారోత్సవం పేరుతో ఒకసారి తెరిచి, దుమ్ము దులిపి, జాబితా రాయండి. మాస్కులు కట్టుకోండి, వానాకాలం చెమ్మ పట్టిన పుస్తకాలను ఎండలో కాకుండా ఫ్యాను గాలికి ఆరబెట్టండి.

హాస్టల్లో ఉన్న వాళ్ల కోసం ఒక పెట్టె. ముప్పై పుస్తకాలు ఒక అట్టపెట్టెలో పెట్టి, ఒక నోటుబుక్కు కట్టి హాస్టల్‌కు పంపండి. 1935లో గ్రంథాలయోద్యమం నడిపిన పాతూరి నాగభూషణం గారు కొల్లూరు కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరికీ పంపించారు. మనకు కాలువ లేదు, ఆటో ఉంది. పెట్టెకు హాస్టల్లో ఇద్దరిని బాధ్యులుగా పెట్టండి, పదిహేను రోజులకొకసారి పుస్తకాలు మార్చండి. ఒకటి రెండు పోతాయి. పోయినా పరవాలేదని ముందే లైబ్రేరియన్‌తో మాట్లాడి ఒప్పించండి.

చివరి రోజున బల్లల మీద పెట్టిన తెల్లకాగితాలన్నీ పోగుచేయండి. ఎవరు ఏ పుస్తకం కావాలన్నారో తరగతి వారీగా ఒక జాబితా రాయండి. పుస్తకం, రచయిత, ధర, ఎంతమంది అడిగారు. దాన్ని 21న, లేదా ఆ రోజు సెలవైతే తర్వాత రోజు, లైబ్రరీ కమిటీకి ఇవ్వండి. రెండు కాపీలు. ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. జనవరిలో సంక్రాంతి సెలవుల నుంచి రాగానే ఆ కాపీ పట్టుకుని వెళ్లి, ఆర్డర్ ఎంతవరకు వచ్చిందో అడగండి.